గుడ్డుకో విశేషణం

మా జిల్లాలో పిల్లలు సన్నగా ఉండటానికి కారణం తిండి లేకపోవడం కాదని, ఒక మాట లేకపోవడమని పై ఆఫీసువాళ్ళు కనిపెట్టారు. ఆ మాట ‘వైవిధ్యభరితమైన’.

కనిపెట్టిన తీరు ఇదీ. ఎక్కడినుంచో సర్వేవాళ్ళు వచ్చి ఇల్లిల్లూ తిరిగి, “మీరు వైవిధ్యభరితమైన ఆహారం తీసుకుంటున్నారా?” అని తల్లుల్ని అడిగారు. తల్లులు “అంటే ఏంది?” అన్నారు. సర్వేవాళ్ళు ‘లేదు’ అని టిక్కు కొట్టుకుని పోయారు. ఊరూరా ఇదే. తీరా చూస్తే రాష్ట్రంలో మా జిల్లా అట్టడుగున తేలింది. పై ఆఫీసులో మీటింగు పెట్టారు. ఆ మీటింగులో జీడిపప్పు ప్లేట్లు అందించిన అటెండరు మా కాలనీ అల్లుడే కాబట్టి అక్కడేం జరిగిందో మాకు తెలిసింది. తల్లులు ‘అంటే ఏంది’ అన్నారంటే లోపం ఆహారంలో లేదు, అవగాహనలో ఉంది అని పెద్దలు తేల్చారట. తిండి పెట్టాలంటే ఖర్చు. మాట నేర్పాలంటే ఒక బ్యానరు చాలు.

మాది రైలుగేటు కాలనీ. ఆడవాళ్ళమంతా మిరపకాయల గోడౌన్లలో తొడిమలు తీసే పనికి పోతాం. పోయేముందు పిల్లల్ని అంగన్‌వాడీలో దించుతాం. అక్కడ మధ్యాహ్నం అన్నం, పప్పు, ఒక ఉడకబెట్టిన గుడ్డు పెడతారు. మా కెజియాకి మూడో ఏడు. పిల్లల జబ్బకి చుట్టి చూసే టేపు ఒకటుంటుంది, పచ్చ, పసుపు, ఎరుపు అని. కెజియాది పసుపు. అదీ ఎరుపుని ఆనుకున్న పసుపు. ఎరుపులోకి పోయిందంటే పెద్దాసుపత్రిలో చేర్పించి కనిపెట్టుకుని ఉండాలని నర్సమ్మ చెప్పింది. అప్పట్నుంచి పనిలో మిరపకాయ పట్టుకుంటే చాలు, నాకు ఆ టేపే కళ్ళముందు ఆడేది. మా ఇంట్లో పొద్దున చద్దన్నం, రాత్రికి పప్పుచారు. నా బిడ్డని ఎరుపులో పడకుండా పట్టుకున్నది ఆ మధ్యాహ్నపు గుడ్డేనని నా నమ్మకం.

ఆ గుడ్డుకే వచ్చింది తిప్పలు.

ఒక శనివారం తల్లులందరూ పని మానుకుని రావాలని కబురొచ్చింది. వెళ్ళేసరికి అంగన్‌వాడీ గోడంతా బొమ్మలేశారు. ఆపిల్, ద్రాక్ష, చేప, పాలగ్లాసు, జున్ను, ఇంకా చెట్టులాగా ఉన్న ఒక ఆకుపచ్చ కూర. దాని పేరేంటో టీచరు ధనకుమారికి కూడా తెలియదు. జిల్లాలో ప్రతి అంగన్‌వాడీకీ ఇవే బొమ్మలు, ఇదే వరసలో వేయాలని ఉత్తర్వట. వైవిధ్యం విషయంలో ఊరికొక రకంగా ఉంటే పై ఆఫీసు ఊరుకోదు.

జీపు దిగి వచ్చినాయన పేరు పరాంకుశం. జిల్లా వైవిధ్య సమన్వయాధికారి. ఆ ఉద్యోగం అంతకుముందు లేదు, ఆ మాట కోసమే పుట్టింది. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

“మాతృమూర్తులారా! వైవిధ్యము ప్రకృతి యొక్క సహజ లక్షణము. సదరు లక్షణమును తెలుపు విశేషణమును వాక్యమునందు సముచితముగా వినియోగించుట ద్వారా లక్షిత సమూహములు పోషకాహార సాధికారత దిశగా పయనించగలవని ప్రభుత్వము దృఢముగా విశ్వసించుచున్నది.”

“ఏమంటన్నాడే?” అని శేషారత్నం నా చెవిలో గొణిగింది. శేషారత్నం మా వీధి చివర ఉంటుంది. దాని గొణుగుడు గేటవతలకి కూడా వినిపిస్తుంది.

ధనకుమారి టీచరు మా వైపు వంగి, “మాట చెప్తే గుడ్డంట. చెప్పకపోతే లేదంట” అంది.

అందరికీ అర్థమైపోయింది. ఆయనకి అరగంట పట్టేది టీచరమ్మ ఒక్క ముక్కలో చెప్పింది.

పద్ధతి ఇలా పెట్టారు. ప్రతి తల్లీ ఫోను ముందు నిలబడి ఆ మాట వచ్చేలా ఒక వాక్యం చెప్పాలి. ఫోనులోని యాప్ వింటుంది. ఒప్పయితే పచ్చదీపం, తప్పయితే ఎర్రదీపం. పచ్చదీపం వచ్చిన తల్లి బిడ్డకి మాత్రమే గుడ్డు.

“ఒక ముఖ్య సూచన,” అన్నారు పరాంకుశం గారు వేలెత్తి. “ఈ విశేషణమును ఏక వస్తువునకు తగిలించరాదు. ఒక వంకాయ వైవిధ్యభరితమైనది కాజాలదు. అనేక రకములు ఒకచోట కూడినప్పుడే వాడవలెను. ఉదాహరణకు: మన తోటలో వైవిధ్యభరితమైన పూలు ఉన్నవి.”

“తోట యాడుంది సార్?” అంది శేషారత్నం. “ఇంటిముందు రైలుకట్ట, ఇంటెనక మురుక్కాలవ.”

“ఊహించుకోవమ్మా.”

“గుడ్డు కూడా ఊహించుకోవాలా సార్?”

ఆయన వినిపించుకోలేదు. ముందుగా దాన్నే రమ్మన్నారు. శేషారత్నం కొంగు బిగించి ఫోను ముందు నిలబడి, “నాకొక వైవిధ్యభరితమైన కొడుకున్నాడు” అంది. ఎర్రదీపం.

“ఒక్కడే పుత్రుడు ఉండగా వైవిధ్యము ఎట్లు సంభవము?”

“మీరు వాణ్ణి చూళ్ళేదు సార్.”

తర్వాత మా పక్కింటి నాగూర్‌బీ. నాగూర్‌బీ ఏదైనా నింపాదిగా చెప్తుంది. “మా కుళాయిలో వైవిధ్యభరితమైన నీళ్ళొస్తాయండి. సోమారం మట్టినీళ్ళు, మంగళారం మురుగునీళ్ళు, మిగతా రోజులు గాలి.”

టింగుమని పచ్చదీపం వెలిగింది. యాప్‌లోంచి ఒక ఆడపిల్ల గొంతు “చక్కని వాక్యం! అభినందనలు!” అంది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. పరాంకుశం గారి ముఖం మాత్రం పచ్చగా లేదు. “వాక్యము నిర్దుష్టమే. కానీ నీరు మా శాఖ కాదు” అన్నారు. ఆ తర్వాత పక్కకి వెళ్ళి ఎవరితోనో ఫోనులో మాట్లాడి వచ్చి, ఇకనుంచి ఆహారానికి సంబంధించిన వాక్యాలే చెల్లుతాయని ప్రకటించారు. జనం ఇబ్బంది పడకుండా ఒక నమూనా వాక్యం కూడా ఇచ్చారు: ‘మా ఇంట్లో మేము రోజూ వైవిధ్యభరితమైన ఆహారం తింటాము.’ గోడమీద చెట్టుకూర పక్కనే దాన్ని ఎర్ర రంగుతో రాయించారు.

అది నిజమా కాదా అని ఎవరూ ఆలోచించలేదు. పరీక్షలో రాసేవన్నీ నిజాలని ఎవరనుకుంటారు? బళ్ళో చదివిన నాలుగు రోజులూ నేనూ అలాగే రాశాను. ఒకరి వెనక ఒకరు ఆ వాక్యం అప్పజెప్పి, పచ్చదీపం వెలిగించుకుని కూర్చున్నారు. శేషారత్నం కూడా, “తింటాము నీ మొహం మండ” అని చివర్లో ఒక తిట్టు కలిపినా, గట్టెక్కింది.

నా వంతు వచ్చింది. ఫోను మూతి దగ్గర పెట్టగానే నాకు ఆ గోడ కనపడలేదు, రాత కనపడలేదు, కెజియా జబ్బ చుట్టూ టేపు కనపడింది. “మా ఇంట్లో మేము రోజూ వైవి... వైధివ్య... వైవిద్దె...” అన్నాను. “మీ వాక్యం అర్థం కాలేదు, మళ్ళీ ప్రయత్నించండి” అంది ఆ ఆడపిల్ల గొంతు, ఎంతో తియ్యగా. మళ్ళీ ప్రయత్నించాను. మళ్ళీ అర్థం కాలేదు. నాలుక తాళ్ళేసి కట్టినట్టయిపోయింది. ఎర్రదీపం.

కాలనీ మొత్తం మీద ఎర్రదీపం నాదొక్కదానిదే.

సోమవారం మధ్యాహ్నం పని దగ్గర్నుంచి పరిగెత్తుకొచ్చి కిటికీలోంచి చూశాను. పిల్లలంతా వరసగా కూర్చున్నారు. అందరి కంచాల్లో గుడ్డుంది. కెజియా కంచంలో అన్నం, పప్పు. అది పక్కవాడి కంచంలోకి ఒకసారి, తన కంచంలోకి ఒకసారి చూసుకుని, అన్నం కిందేమైనా ఉందేమోనని వేలితో కెలికింది. కింద కంచమే ఉంది.

“టీచరమ్మా, ఒకటి అటేసెయ్యి. ఎవరు చూస్తారు?” అన్నాను.

“సువార్తా, ఎవరో కాదమ్మా, ఫోను చూస్తది,” అంది ధనకుమారి ఏడుపు ముఖంతో. “బిడ్డ గుడ్డు కొరికేటప్పుడు ఫొటో తియ్యాలి. మీ పాప ఫొటో పెడితే నా జీతం ఆపేస్తారు.”

“మరి మిగిలిన గుడ్డు?”

“వాపసు పంపాలి.”

నాగూర్‌బీ తన కొడుకు గుడ్డులో సగం ఇప్పించబోయింది. సగం గుడ్డు ఫొటోని యాప్ గుడ్డుగా ఒప్పుకోలేదు.

ఆ రాత్రి మా ఆయన దానియేలుకి చెప్పాను. ఆయన మిర్చి యార్డులో హమాలీ. “ఒక్క మాటేగా! బస్తాలేమన్నా మొయ్యమన్నారా?” అన్నాడు.

“నువ్వు చెప్పు చూద్దాం.”

“వైవిజ్జ...” అని ఆగి, ఇంకోసారి నోరు తెరిచి, “బస్తాలే నయం. అన్నం పెట్టు” అన్నాడు.

మర్నాటినుంచి గోడౌనులో అందరూ నాకు గురువులే. కాయ పట్టుకో, మాట చెప్పు. మిరప ఘాటుకి సరిగ్గా మాట మధ్యలోకి వచ్చేసరికి తుమ్ము వచ్చేది. “వైవి... హాచ్!” అంటే గోడౌనంతా నవ్వులు. “తుమ్ముకి గుడ్డిస్తే నీకే కోడి మొత్తం ఇయ్యాలే” అనేది శేషారత్నం. నవ్వడానికి వాళ్ళకేం, పచ్చదీపాలు. నేను రాత్రిపూట కెజియాని ఒళ్ళో పెట్టుకుని మాట వల్లిస్తూ, దాని జబ్బని నా బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూసుకునేదాన్ని. వేళ్ళు ఇంకా దగ్గరవుతున్నట్టే అనిపించేది.

చివరికి నాగూర్‌బీ ఉపాయం చెప్పింది. “చూడు చెల్లే, మాట మొత్తం ఒక్కసారి మింగబోక. కాయకొక ముక్క. తొడిమ తుంచు, ముక్క చెప్పు. వై. తుంచు. విధ్య. తుంచు. భరిత. తుంచు. మైన.”

పట్టుబడింది! నోటితో నేర్చుకోలేనిది చేతులు నేర్చుకున్నాయి. తర్వాతి పరీక్షకి గుప్పిట్లో మిరపకాయలు పట్టుకుని పోయాను. పరాంకుశం గారు ఫోను పెట్టారు. నేను ఆయన వంక చూడలేదు. తుంచాను, చెప్పాను. తుంచాను, చెప్పాను. టింగుమంది. పచ్చదీపం.

నేను ఏడ్చేశాను. పరాంకుశం గారి కళ్ళు కూడా చెమర్చాయి. ఘాటు వల్లనుకున్నాను, కాదట. “అమ్మా! జిల్లా మొత్తం మీద మిగిలిన ఆఖరి తల్లివి నీవే. నీతో నూటికి నూరు శాతము పూర్తయినది” అన్నారు.

రెండు రోజుల్లో సభ పెట్టారు. నాకు శాలువా కప్పారు. ఎవరో పెద్దాయన వచ్చి, ఒకప్పుడు ఆహారమంటే ఏమిటో తెలియక అలమటించిన ఈ ప్రాంతపు తల్లులు నేడు విశేషణ సహితంగా మాట్లాడుతున్నారని, ఇది చరిత్ర అని అన్నారు. నాలుగు రంగుల కేకు తెచ్చి పిల్లల మధ్య పెట్టి ఫొటోలు తీశారు. తీశాక కేకుని జాగ్రత్తగా అట్టపెట్టెలో పెట్టి జీపెక్కించారు. పక్క ఊళ్ళో కూడా ఫొటో ఉందట.

పోనీలే, కేకెవరికి కావాలి. నా బిడ్డ కంచంలోకి గుడ్డొస్తుంది. రాత్రి హాయిగా నిద్రపోయాను.

సోమవారం ఎవరి కంచంలోనూ గుడ్డు లేదు.

బండి ఆలస్యమైందనుకున్నాం. మంగళవారమూ లేదు. బుధవారం ధనకుమారి ఫోను చూపించి చదివింది: “జిల్లాలోని తల్లులు నూటికి నూరు శాతము తమ గృహములందు ప్రతిదినము వైవిధ్యభరితమైన ఆహారము భుజించుచున్నట్లు స్వయముగా, స్వర సహితముగా ధ్రువీకరించినందున, అంగన్‌వాడీలలో గుడ్ల సరఫరా అనవసర వ్యయముగా పరిగణించి నిలిపివేయడమైనది.”

శేషారత్నం నా వంక తిరిగింది. “నీ నోరు తిరక్కుండా ఉంటే బాగుండేదే సువార్తా! ఒక్కదానివన్నా ఎర్రగా ఉంటే నూటికి నూరయ్యేది కాదుగా!”

“దాన్నంటావేందే? నేర్పింది మనమేగా” అంది నాగూర్‌బీ.

శేషారత్నం అన్నది తప్పేం కాదు. మొన్నటిదాకా నా బిడ్డకొక్కదానికే గుడ్డు లేదు. ఇప్పుడు నా పుణ్యమా అని అందరి బిడ్డలకీ లేదు.

పని మానుకుని అందరం పరాంకుశం గారి ఆఫీసుకి పోయాం. ఆయన గోడమీద పెద్ద టీవీ ఉంది. దానిమీద జిల్లా పటం, పటం నిండా పచ్చ. ఆయన మమ్మల్ని చూసి సంతోషించారు. చదువుకున్న విద్యార్థులు గురువు ఇంటికి వచ్చినట్టు.

“సార్, గుడ్లు ఆపేశారు,” అన్నాను.

“ఆపలేదమ్మా. మీరు ఎదిగినారు. గుడ్డు అవసరము లేని స్థాయికి.”

“మా ఇంట్లో ఏం ఉండదు సార్. పప్పుచారు.”

“అట్లని మీ నోటితో మీరు చెప్పలేదే! రోజూ వైవిధ్యభరితమైన ఆహారం తింటామని చెప్పినారు. రికార్డు ఉన్నది. వినిపించనా?” టీవీలోంచి నా గొంతే వినిపించింది, మధ్యమధ్య తొడిమ తుంచిన చప్పుడుతో సహా. “ఇది అసత్యమంటే, ప్రభుత్వమును తప్పుదోవ పట్టించినందుకు చర్య తీసుకొనవలసి వచ్చును. సత్యమంటే గుడ్డు అవసరము లేదు. ఏదో ఒకటి తేల్చుకోండి.”

“అది రాసింది మీరు సార్!” అంది శేషారత్నం.

“వ్రాసినది మేమే. తిన్నది మీరు.”

నాగూర్‌బీకి ఎప్పుడూ రాని కోపం వచ్చింది. “వైవిధ్యభరితమైన ఆహారం మా ఇళ్ళలో లేదు, లేదు, లేదు! ఇది కూడా రాసుకోండి!” అంది.

బల్లమీదున్న ఫోను ఊరుకుంటుందా? టింగుమంది. “చక్కని వాక్యం! అభినందనలు!”

“చూసినారా!” అన్నారు పరాంకుశం గారు, పిల్లవాడు కొత్త బొమ్మ చూపించినట్టు. “పదప్రయోగము సరిగానే ఉన్నది.”

“ఉందంటే పచ్చా, లేదన్నా పచ్చేనా?” అన్నాను.

“యాప్ పరిశీలించునది విశేషణమునే తల్లీ. ఉన్నదా లేదా అనునది క్రియాపదము. క్రియలు మా శాఖ పరిధిలోనికి రావు.”

శేషారత్నం కడుపుమంట ఆపుకోలేక, “మీ వైవిధ్యభరితమైన మాటల్లో మన్ను బొయ్య!” అంది. టింగు. మాలో ఒకామె ఏడుస్తూ, “మా పిల్లలకి వైవిధ్యభరితమైన రోగాలొస్తన్నాయి సార్” అంది. ఆహారం మాట లేకపోయినా టింగు. మేము ఎంత మొత్తుకుంటే టీవీలో పటం అంత పచ్చబడింది. నూరు శాతం మీద ఇంకో రెండు చేరి నూటరెండయింది. ఆయన దాన్ని పై ఆఫీసుకి పంపుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఎవరూ నోరు తెరవలేదు. తెరిస్తే ఎక్కడ ఆ మాట వస్తుందోనని భయం. రైలుగేటు పడి ఆటో ఆగింది. గూడ్సు బండి పోతుంటే నాకొకటి తట్టింది.

“అక్కా, ఆ మాట మనకి రానప్పుడు గుడ్డుంది. వచ్చాక పోయింది. మళ్ళీ రాకుండా చేసుకుంటే?”

“వచ్చిన మాట యాడికి పోద్దే? కడుపులో పిల్లా, దిగిపోవడానికి?” అంది శేషారత్నం.

“మర్చిపోవక్కర్లా. వాడకుండా ఉంటే చాలు.”

అది చెప్పినంత తేలిక కాదు. మా వాళ్ళకి ఆ మాట తిట్లలో కలిసిపోయింది, లాలిపాటల్లో కలిసిపోయింది. కూరలబండి దగ్గర బేరమాడేటప్పుడు కూడా వచ్చేసేది. రోజూ సాయంత్రం నా ఇంటిముందు కూర్చునేవాళ్ళు. నాలుక ఎలా మడతపడాలో, మాట వచ్చేచోట ఎలా దగ్గాలో నేర్పమని అడిగేవాళ్ళు. నత్తి నాకు ఉచితంగా వచ్చింది, వాళ్ళకి సాధన చేస్తేగాని రాలేదు. ఎవరి నోటివెంట ఆ మాట జారినా పక్కావిడ గిల్లేది. శేషారత్నం చెయ్యంతా కమిలిపోయింది.

నూటరెండు శాతం ఎలా సాధ్యమో చూసి రమ్మని పై ఆఫీసువాళ్ళు పరాంకుశం గారిని మళ్ళీ పంపారు. ఆయన ఫోను పట్టుకుని, పెళ్ళివారిలా ఉత్సాహంగా దిగారు. ముందు నన్నే పిలిచారు. “రామ్మా, శాలువా తల్లీ! ఇంట్లో ఎట్టి ఆహారము తింటున్నారు?”

“పప్పుచారు సార్.”

“నిన్న?”

“పప్పుచారు.”

“మొన్న?”

“మొన్న పచ్చిమిరపకాయలు నూరుకున్నాం.”

“అదీ! ఒకరోజు పప్పుచారు, ఒకరోజు పచ్చిమిరపకాయలు. ఈ రెంటినీ కలిపి ఏమందురు?”

“కలిపి అన్నంలో తింటాం సార్.”

ఎర్రదీపం. ఆయన నవ్వబోయి ఆగారు. “ఆ మాట... వై... వైవి...” అని అందించారు.

“వైద్యమా సార్? అది కూడా లేదు.”

ఎర్రదీపం. నాగూర్‌బీని పిలిచారు. “ఆ మాటేందో నోటిచివర ఉందండీ,” అంది నింపాదిగా, “మీరు చెప్పండి, నేనింటా.” ఎర్రదీపం. శేషారత్నం ఫోనుకి దణ్ణం పెట్టి, దగ్గి, మళ్ళీ దగ్గి, “మంచినీళ్ళు ఇయ్యండి సార్” అంది. ఎర్రదీపం. ఒకరి తర్వాత ఒకరు అందరూ. ఆయన గోడమీద రాత చూపించారు. “చదువు రాదు సార్” అన్నారు. పోయినసారి చదివి వినిపించినవాళ్ళు కూడా. ఆయన రుమాలుతో మెడ తుడుచుకున్నారు. మాట మరుపున పడటం ఊరినుంచి ఊరికి అంటుతోందని అప్పటికే పుకారు పుట్టింది. గోడౌన్లలో కలిసేది మా కాలనీ వాళ్ళొక్కరే కాదు కదా.

ఇంక గుడ్లు వస్తాయని ఎదురుచూశాం. పచ్చగా ఉంటే ఆపారు కాబట్టి ఎర్రగా ఉంటే ఇస్తారనుకున్నాం. సర్కారు లెక్క మన లెక్కలాగా ఉంటే ఇంకేం?

గుడ్లు రాలేదు. ధనకుమారి ఇంకో ఉత్తర్వు చదివింది. “జిల్లాలో అకస్మాత్తుగా ఏర్పడిన తీవ్ర విశేషణ లోపము దృష్ట్యా తల్లులకు ప్రతిదినము మధ్యాహ్నము పునశ్చరణ శిక్షణ నిర్వహించవలెను. శిక్షణార్థుల జ్ఞాపకశక్తి వృద్ధి నిమిత్తము ఒక్కొక్కరికి ఒక ఉడికించిన గుడ్డు లఘు ఆహారముగా అందజేయవలెను.”

“ఏందేంది? మళ్ళీ చదువు?” అంది శేషారత్నం.

“గుడ్డు. మీకు. నేర్చుకోడానికి.”

“పిల్లలకి?”

“పిల్లలకి లేదు. పిల్లల గుడ్డు అనవసర వ్యయమంట. మీ గుడ్డు శిక్షణంట. అది వేరే ఖాతా.”

శిక్షణ మొదలైంది. తల్లులం గుడ్డు చేతిలో పట్టుకుని బోర్డు వంక చూసేవాళ్ళం. కిటికీ అవతల పిల్లలు పప్పన్నం తినేవాళ్ళు. గుడ్డు కొంగులోకి దాచబోతే పరాంకుశం గారు పట్టుకున్నారు. “శిక్షణార్థి మాత్రమే భుజించవలెను. జ్ఞాపకశక్తి మీకు కావలెను, బిడ్డకు కాదు.”

“మరి బిడ్డ కూడా నేర్చుకుంటే?” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “చిన్నప్పుడే మొదలుపెడితే మాటలు బాగా నిలబడతాయంటారు గదా సార్.”

ఆయన నా వంక మెచ్చుకోలుగా చూశారు. రెండు రోజుల్లో అనుమతి తెప్పించారు. ఆరు నెలలు దాటిన ప్రతి బిడ్డా సహ శిక్షణార్థి. సహ శిక్షణార్థికి సహ గుడ్డు. ఇలా ఒక గుడ్డు ఆపినచోట రెండు గుడ్లు వచ్చాయి. ఒకటి బిడ్డ ఆయన ఎదురుగానే తినేది, రెండోది నేను కొరికినట్టు ఫొటో దిగి దాని నోట్లో పెట్టేది. కెజియా రెండు చేతులా తినేది. మేమెవరం ఆ మాట మాత్రం నేర్చుకోలేదు. రోజూ కొద్దికొద్దిగా దగ్గరకొచ్చేవాళ్ళం. “వైభోగమైన” దాకా వచ్చింది నాగూర్‌బీ. ఆయన ఆశపడ్డారు. మర్నాడు అది కూడా మర్చిపోయింది.

అప్పుడు ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. తల్లులు ముదిరిపోయారు, సహ శిక్షణార్థులను పరీక్షిద్దామని.

నేను ఆ మాట వల్లించిన రాత్రులన్నీ కెజియా నా ఒళ్ళోనే ఉంది. ఒక్కోసారి నిద్రలో పెదవులు కదిపేది. ఇప్పుడు దాని నోట్లోంచి ఆ మాట ఊడిపడిందా, టింగు! పటం పచ్చబడుతుంది. శిక్షణ విజయవంతమవుతుంది. గుడ్లు ఆగిపోతాయి. ఈసారి రెండూ.

పరాంకుశం గారు చాపమీద గొంతుకూర్చుని ఫోను దాని బుగ్గ దగ్గర పెట్టారు. కెజియా బుగ్గ గుడ్డుతో ఉబ్బి ఉంది. శేషారత్నం నా చెయ్యి గిల్లిపెట్టింది.

“చెప్పు తల్లీ. నువ్వు ఏమి తింటున్నావు?”

అది నమిలింది. నా వంక చూసింది. ఆయన వంక చూసింది. “గుడ్డు” అంది.

“భేష్. కానీ అట్లు కాదు. ఆహారమునకు ముందు ఒక మాట చేర్చి చెప్పవలెను. అమ్మ రోజూ చెప్పెడిది గదా? జ్ఞాపకము తెచ్చుకో. ముందు ఒక మాట... తర్వాత గుడ్డు.”

కెజియా మింగింది. పెదవులు చప్పరించింది. ఖాళీ అయిన రెండు అరచేతులూ ఒకదాని తర్వాత ఒకటి చూసుకుని, ముందు ఒక మాట చేర్చి చెప్పింది.

“ఇంకో గుడ్డు.”

ఎర్రదీపం వెలిగింది. పరాంకుశం గారు మోకాళ్ళమీద చేతులానించి లేచి, శిక్షణ మరికొంత కాలం పొడిగించక తప్పదని ధనకుమారి టీచరుతో చెప్పారు.